గాలి పరీక్ష

"ముందు ఆ కబుర్లు ఆపండి!" అని అరిచాడు కృష్ణచైతన్య.

నది ఒడ్డున ఆగిన సరుకుల బార్జ్ డెక్ మీద గొంతుక్కూర్చుని తాడు పట్టుకున్న గురువులు తలెత్తి చూశాడు. తాడు రెండో కొస అతని బావమరిది సత్యారావు నడుముకి కట్టి ఉంది. సత్యారావు ఇనప నిచ్చెన మీదుగా బార్జ్ అడుగున ఉన్న చీకటి గదిలోకి దిగుతున్నాడు. నెల రోజులుగా మూసి ఉన్న గది అది. లోపల ఎక్కడో నీళ్లు ఊరుతున్నాయి. ఆ చోటేదో చూసి రావాలి.

"లోపల గాలి చెడితే మనిషి నిమిషాల్లో కుప్పకూలిపోతాడు. కిందటి నెల ఇంకోచోట అలాగే ఒకతను పోయాడు. అందుకే గాలి పరీక్ష చెయ్యమని నన్ను సాల్ట్ లేక్ ఆఫీసు నుంచి ఇక్కడికి పంపారు. మనిషిని అంత లోతుకి దింపి పరాచికాలేంటి?"

"గాలి మీరు సూసీసారు గదా బాబూ?"

చూశాడు. గ్యాస్ మీటర్‌ని తాడుకి కట్టి నిచ్చెన అడుగుదాకా దించాడు. ఆక్సిజన్ ఇరవై పాయింట్ తొమ్మిది శాతం. బయట ఖిదిర్‌పూర్ బజారులో ఎంతుందో అంతే.

"మరేటి బయం?" అని గురువులు మళ్లీ ఆ చీకట్లోకి వంగాడు. "ఒరే సత్తీ! కంపెనీ కార్బన్ తగ్గించాలంట. ముందు నువ్వు బీడీలు మానీ!"

"నా బీడీ కన్నా నీ గురకే ఎక్కువ పొగ వదుల్తాది బావా!" కింది నుంచి జవాబు గుహలోంచి వచ్చినట్టు వచ్చింది.

వెనకున్న నలుగురు కూలీలు పగలబడి నవ్వారు. కృష్ణచైతన్య పళ్లు నూరుకున్నాడు. తప్పు తనదే. ఏ బార్జ్ ఎంత డీజిల్ తాగి ఎంత కార్బన్ వదులుతోందో రాసుకునే పని కూడా ఆఫీసు అతనికే అప్పజెప్పింది. పొద్దున టీ తాగుతూ వీళ్లకి ఆ సంగతే వివరించాడు. అప్పట్నుంచీ ఇదే గోల.

"బొగ్గూ వజ్రమూ ఒకటేనంటరా! రెండూ కార్బనేనంట!" గురువులు కేకేశాడు.

"ఓలమ్మో! అందుకేనా మా అక్కకి రవ్వల ముక్కుపుడక కొనకుండా, పెళ్లయిన కాణ్నించీ బొగ్గుల పొయ్యి ముందు కూకోబెట్టినావు?"

ఈసారి కృష్ణచైతన్యకి కూడా నవ్వొచ్చింది. ఆపుకున్నాడు.

"రెండింట్లో ఉన్నది ఒకటే. అమరికే తేడా. ఆ కణాలు గట్టిగా నాలుగు వైపులా చేతులు పట్టుకుంటే వజ్రం. పొరలు పొరలుగా విడివిడిగా ఉంటే పెన్సిల్ ముల్లు," అన్నాడు, తెలియకుండానే మాటల్లో దిగిపోయి.

"మరి ఆక్సిజనో?"

"అది ఎవరితో పడితే వాళ్లతో కలిసిపోతుంది. ఇనుముతో కలిస్తే తుప్పు."

"అంటే తుప్పు గాలిని తినేస్తాదన్నమాట," గురువులు మెల్లగా అన్నాడు. డెక్ మీద ఎర్రగా పెచ్చులూడుతున్న ఇనుముని అరచేత్తో తడిమాడు.

కృష్ణచైతన్య మీటర్‌లో నమోదైన అంకెని మళ్లీ చూసుకున్నాడు. ఇరవై పాయింట్ తొమ్మిది. గుండె కుదుటపడింది.

"బావా! ఇక్కడ పొడిగానే ఉంది. పక్క అరలో సూస్తాను," సత్యారావు గొంతు కాస్త దూరమైంది. తాడు జరజరా జారింది.

"ఎల్లు. ఎల్తా ఇను. కార్బన్ ఎక్కువ వదిలేది మీ ఇంటోళ్లేరా! మీ నాయన సుట్ట, నీ బీడీ, మీ తమ్ముడి మోటరుసైకిలు!"

"మీ ఇంటోళ్లు నోరిప్పితే సాలు బావా, మన ఏక్‌బాల్‌పూర్ పేటంతా ఏడెక్కిపోతాది!"

మళ్లీ నవ్వులు. గురువులు తాడు కొంచెం బిగించి పట్టుకున్నాడు.

"నువ్వెన్ని సెప్పు. మీ ఇంటికన్నా మా ఇల్లే నయం. ఒప్పుకో!"

రెండు క్షణాల తర్వాత జవాబొచ్చింది. ప్రశాంతంగా, స్పష్టంగా, ఒక్క అక్షరం తడబడకుండా.

"అవును బావా. నువ్వు సెప్పిందే నిజం."

హమ్మయ్య, గొడవ తీరింది అనుకున్నాడు కృష్ణచైతన్య.

గురువులు మొహం పాలిపోయింది. "లాగండి! టానో, టానో!" అని తెలుగూ బెంగాలీ కలిపి కేకలు పెడుతూ లేచి, తాడు భుజానికి చుట్టుకుని వెనక్కి వాలిపోయాడు. కూలీలు పరుగున వచ్చి పట్టుకున్నారు.

"ఏమైంది? బాగానే మాట్లాడాడు కదా!"

తాడు బరువుగా పైకొస్తోంది. కింద నిచ్చెన మెట్లకి ఏదో కొట్టుకుంటున్న చప్పుడు. ముందు వేలాడుతున్న తల కనపడింది, తర్వాత దోక్కుపోయిన మోచేతులు. సత్యారావు పెదవులు నీలంగా ఉన్నాయి. కళ్లు మూతపడ్డాయి. ఊపిరి ఉందో లేదో తెలియడం లేదు.

డెక్ మీద పడుకోబెట్టి చొక్కా విప్పారు. కృష్ణచైతన్య మోకాళ్ల మీద కూలబడి నోటితో ఊపిరి ఊదాడు. ఒకటి, రెండు, మూడు... ఏడోసారికి ఛాతీ తనంతట తానే ఎగిరింది. దగ్గు వచ్చింది. గురువులు బావమరిది తలని ఒళ్లోకి తీసుకుని, నది మీది గాలి మొహానికి తగిలేలా తిప్పాడు.

కృష్ణచైతన్య మీటర్‌ని పొడుగాటి వెదురుకి కట్టి, డెక్ మీది కంత దగ్గర బోర్లా పడుకుని పక్క అరలోకి తోశాడు. అది కీచుమని మోగింది. పైకి తీసి చూస్తే, తెర మీద నమోదైన అతి తక్కువ ఆక్సిజన్ పదకొండు శాతం. తను కొలిచింది నిచ్చెన కింద మాత్రమే. మనిషి దూరిన చోట కాదు.

కృష్ణచైతన్య మీటర్‌తో గురువులు పక్కకి వచ్చాడు.

"గొంతులో తేడా లేదు. మాట తడబడలేదు. నా మీటర్‌కే అందనిది మీకెలా తెలిసింది?"

గురువులు మొహం తుడుచుకున్నాడు.

"మా పెళ్లయి ముప్పై ఒక్కేళ్లు బాబూ. ఆడు నా మాట ఒప్పుకోడం ఇదే మొదలు."