ఆ ఊళ్ళో అద్దె తక్కువ

“పదకొండు వందలా! ఈ వంటగదికా?” అంది ఆమె, నడుం మీద చెయ్యేసుకుని. “పొయ్యి దగ్గర ఒకరు నిలబడితే, రెండోవాళ్ళు హాల్లోంచి గరిటె అందించాలి.”

బ్రోకరు నవ్వాడు. ఆమెతో వచ్చిన అతను నవ్వలేదు. కిటికీ దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు.

“కుళాయి కారుతోంది. గోడకి చెమ్మ. కింద బేకరీ, తెల్లారకముందే మిషన్ల మోత. ఎనిమిది వందలు. అదీ మీ మొహం చూసి.”

“మా ఓనరు నన్ను చంపేస్తాడు మేడం.”

“ఎక్కువిస్తే మా ఆయన నన్ను చంపేస్తాడు. ఇద్దరం పోయే బదులు తగ్గించండి.”

బ్రోకరు తొమ్మిది వందలకి దిగాడు. ఆమె గర్వంగా అతని వైపు చూసింది. అతను తల పంకించి ఆ అంకె ఫోన్లో వేసుకున్నాడు. అంతే.

“ఆలోచించుకుని చెబుతాం” అని ఇద్దరూ బయటికొచ్చారు.

పరాయి దేశం. ఒకదానికొకటి గంట ప్రయాణం దూరంలో రెండు ఊళ్ళు. ఈ ఊరా, ఆ ఊరా అన్నది ఇవాళ్టితో తేలిపోవాలి. నెల రోజులుగా ఇద్దరూ కలిసి ఇళ్ళు చూస్తున్నారు. స్కూలు ఫీజులు అడుగుతున్నారు. షాపుల్లో పాల దగ్గర్నుంచి సబ్బు దాకా ధరలు కనుక్కుంటున్నారు. ఎక్కడ చవకైతే అక్కడ. మొదట అనుకున్న మాటే అది.

ఆమెకి మాత్రం ఈ ఊరే కావాలి. ఎందుకంటే ఆ ఊళ్ళో ఒకావిడ ఉంది.

ఆ సంగతి ఎప్పట్నుంచో తెలుసు. ఒక్కసారి కూడా అడగలేదు. ఏమని అడుగుతుంది?

రైల్లో పక్కపక్కనే కూర్చున్నారు.

“ఆ ఊళ్ళో ఏముందని మీకంత మోజు?”

“మోజేంటి? లెక్క చూడు. కూరగాయలు చవక. స్కూలు నడిచెళ్ళే దూరం.”

“కరెంటు బిల్లు ఎక్కువ. బస్సు టికెట్టు ఎక్కువ. డాక్టరు మొహం చూపించాలన్నా చేతిలో డబ్బు పెట్టాలి.”

“అద్దె ఒక్కటి తగ్గితే అవన్నీ కొట్టుకుపోతాయి.”

అతని ఫోన్ మోగింది. మొహం అటు తిప్పుకున్నాడు. గొంతు తగ్గించాడు. “ఊఁ... వస్తాగా రాత్రికి... ఊఁ.”

ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. బయట ఏం కనిపించిందో ఆమెకే తెలీదు.

ఆ ఊళ్ళో ఇల్లు బాగుంది. అదే ఆమె బాధ. రెండు వైపులా వెలుతురు. కుర్చీ వేసుకుని కాళ్ళు చాపుకునేంత బాల్కనీ. ఇంటావిడ కూడా మన భాష మనిషే, ఏనాడో వచ్చి స్థిరపడింది. ఉండేది పై అంతస్తులో.

“వెయ్యి అనుకుంటున్నానమ్మా.”

“వెయ్యేనా!” ఆమె కళ్ళు పెద్దవి చేసింది. “ఇంత మంచి ఇల్లు! పన్నెండు వందలు పెట్టినా దొరకదు కదండీ!”

అతను మోచేత్తో పొడిచాడు. ఆమె పట్టించుకోలేదు. ఇక్కడ అద్దె పెరగాలి. ఎంత పెరిగితే అంత మంచిది.

“ఏమోయ్, అద్దెకి అడుగుతున్నావా, వేలం పాడుతున్నావా?”

“ఉన్నమాట అనడానికి కూడా మీ పర్మిషన్ కావాలా?”

ఇంటావిడ పడీపడీ నవ్వింది. “మేమూ అచ్చం ఇలాగే పోట్లాడుకునేవాళ్ళం. ఆయన పోయాక ఈ ఇల్లు మూగబోయింది. పిల్లలా బాబూ?”

“ఒక్కతే పాపండీ. ఏడేళ్ళు.”

“అన్నీ నాన్న పోలికలే” అందించింది ఆమె.

ఇంటావిడ కళ్ళు తుడుచుకుంది. “మీలాంటి జంట కింద ఉంటే నాకదే పదివేలు. ఏడు వందలివ్వండి, చాలు.”



వీధిలోకి రాగానే అతను ఊపిరి పీల్చుకున్నాడు. “తేలిపోయింది. ఈ ఊరే.”

“ఆవిడేదో ముచ్చటపడి తగ్గించింది. అదీ ఒక లెక్కేనా?”

“ఏడు వందలంటే ఏడు వందలే. హమ్మయ్య, ఇంక నాకీ రైలు బాధ ఉండదు.”

స్టేషన్ మెట్ల దగ్గర ఆగాడు. “నువ్వు వెళ్ళు. నాకిక్కడ కొంచెం పనుంది.”

“ఎప్పుడూ ఉండేదేగా” అంది ఆమె. అతను అప్పటికే వెనక్కి తిరిగాడు.

రైలు వెళ్ళిపోయింది. ఆమె ఎక్కలేదు.

అతని వెనకే నడిచింది. రెండు వీధులు దాటాక అతను ఈల వేయడం మొదలుపెట్టాడు. తనతో తిరిగినన్నాళ్ళూ ఒక్కసారైనా వేశాడా? ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పళ్ళ కొట్టు దగ్గర ఆగి, ఒక్కో పండూ నొక్కి చూసి ఏరుకున్నాడు. ధర అడగను కూడా లేదు! తర్వాత ఓ పాత మేడ మెట్లెక్కాడు. జేబులోంచి తాళంచెవి తీసి, తలుపు తెరుచుకుని లోపలికి వెళ్ళాడు.

తాళంచెవి కూడా ఉంది!

తలుపు వెనక ఒక ఆడగొంతు నవ్వింది. ఆ నవ్వుతో ఆమెలో ఇన్నాళ్ళూ పట్టి ఉంచినదేదో పుటుక్కున తెగింది. ఇవాళ తేల్చుకోవాల్సిందే. బెల్లు కొట్టింది.

తలుపు తీసినావిడ పాత గౌన్లో ఉంది. చేతులు తడిగా ఉన్నాయి. జుట్టు ఎలాగోలా ముడేసుకుంది. పెద్ద అందగత్తె కూడా కాదు. ఆమెకి అది మరీ కష్టంగా అనిపించింది.

“నేనెవరో తెలుసా?” అంది ఆమె.

“తెలీకపోవడమేంటి, ఫొటోలో చూశాగా!” ఆవిడ మొహమంతా నవ్వు చేసుకుని తలుపు బార్లా తీసింది.

తర్వాత లోపలికి తిరిగి కేకేసింది. “ఏవండీ, ఆఫీసు ఏ ఊళ్ళో ఉండాలో తేల్చే అద్దెల సర్వేలో మీ పెళ్ళాంగా నటించే ఆఫీసమ్మాయి వచ్చింది, త్వరగా రండి!”