బదులు లేని కూడు

"ఇదేటిది?" యర్రమ్మ చేతిలోని క్యారియర్ చూసి గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది దుర్గ.

"అన్నం, పప్పుచారు. ఏడిగా ఉంది, తిను వదినా."

దుర్గ మొహం మాడిపోయింది. ఆ క్యారియర్ తనదే. పక్కింటి యర్రమ్మ మొగుడు జోగులు పోయినప్పుడు, ఆ ఇంట్లో పొయ్యి వెలగనన్ని రోజులూ అందులోనే కూడు మోసింది. దీవిలోని ఈ వండూరు పేటలో పక్కింటి గిన్నెను ఎవరూ ఖాళీగా తిప్పి పంపరు, గుప్పెడు ఉప్పైనా వేస్తారు. కానీ చావింటికి కూడు మోసిన గిన్నెను మాత్రం కడిగి, ఖాళీగా ఇచ్చేయాలి. ఆ కూటికి బదులు ఉండదు. చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి.

"నీకు మతి గానీ పోయిందేటి? ఈ గిన్నెలో నింపి తెస్తావా? ఆ కూటికి ఎవులైనా బదులు తీరుస్తారా?"

"ఏమో వదినా. నాకు రుణం ఉంచుకోడం ఇష్టం నేదు."

"రుణమా! నాను నీకు వడ్డీకిచ్చినానేటి? లెక్కంతా హిసాబ్ బరాబర్ సేసుకోడానికి వొచ్చినావా?"

"అవును. బరాబర్ సేసుకోడానికే వొచ్చినాను. తిను."

యర్రమ్మ దుర్గని పక్కకి నెట్టుకుని లోపలికి వచ్చి, తన వెనకే వీధి తలుపు దగ్గరగా వేసింది.

"పట్టపగలు తలుపెందుకేస్తన్నావు?"

"కుక్కలొస్తాయి."

"పోనీ తీరిస్తే తీర్సినావు, పప్పుచారుతోనా? డింగీ ఉన్న ఇంటికి పప్పుచారు తెస్తావా? ఒక్క సేప ముక్కకి గతి లేకపోయిందా నీకు?"

"ఇయాళ సేప వండనేదు."

"రానీ, ఆల్లిద్దర్నీ రానీ. నీ మరిదిని కూకోబెట్టి అడుగుతాను. ఒరే నూకన్నా, మీ వదిన సేసిన పని బాగుందేట్రా అని!"

దుర్గ మొగుడు శివాజీ, యర్రమ్మ మరిది నూకన్న ఒకే డింగీ పడవలో చీకటితోనే వేటకి వెళ్ళారు.

"అడుగుదువు గానీ," అంది యర్రమ్మ, పళ్ళెం కోసం గూట్లో వెతుకుతూ. "సుగరు సూది ఏసుకున్నావా?"

"ఎప్పుడో ఏసుకున్నాను. మాట మార్సకు."

"సూది ఏసుకుని తినకపోతే ఏటవుతాదో తెలీదా? మొన్న బజార్లో పడిపోతే ఆటోలో ఎవులు తెచ్చినారు?"

"ఓహో, దానికి కూడా లెక్కుందా? ఉప్మా సేసుకుంటాను. నీ కూడు నాకొద్దు."

దుర్గ విసురుగా గ్యాసు పొయ్యి దగ్గరికి వెళ్ళి లైటర్ అందుకుంది. యర్రమ్మ వచ్చి ఆమె చేతిలోంచి లైటర్ లాగేసుకుంది.

"అరే, పాగల్ అయిపోయినావా? నా ఇంట్లో నన్ను పొయ్యి ఎలిగించుకోనివ్వవా?"

"నీ కాళ్ళు పట్టుకుంటాను వదినా. నాలుగు ముద్దలు తిను. తరవాత తిట్టు, కొట్టు, గుమ్మం ఎక్కనివ్వకు. నాను ఏటీ అనను."

దుర్గ ఆమెను తేరిపార చూసింది. ఎందుకింత మొండిపట్టు? ఆలోచిస్తే అర్థమైంది. యర్రమ్మ అక్క బేబీరాణి పట్నంలో, గోల్ ఘర్‌లో ఉంటుంది. ఒంటరిగా ఈ పేటలో ఎందుకు, వచ్చేయమని నెల నుంచీ పోరుతోంది.

"ఎల్లిపోతన్నావు కదూ?"

యర్రమ్మ గూట్లోంచి పళ్ళెం తీసింది.

"మీ దీదీ దగ్గరికి ఎల్లిపోతన్నావు. అందుకే అందరి బాకీలూ తీర్సుకుంటన్నావు. అంతేనా?"

"అంతే," అంది యర్రమ్మ చివరికి. "ఎల్లిపోతన్నాను."

దుర్గ కోపమంతా ఒక్కసారిగా దిగిపోయింది. చాప మీద కూలబడింది.

"ముందే సెప్పి ఏడవొచ్చు కదే. అడ్డమైన మాటలూ అనిపించుకున్నావు... ఇలా పెట్టు."

యర్రమ్మ పళ్ళెంలో అన్నం పెట్టి చారు పోసింది. దుర్గ కలుపుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. నీళ్ళు తాగి రెండోది తిన్నది.

"ఉప్పు ఎక్కువేసినావు."

"సూసుకోనేదు."

"నువ్వు ఎల్లిపోతే నాకెవులున్నారే ఇక్కడ? ఆయన సముద్రమ్మీదుంటే రోజంతా నీతోనే కదా వాదులాట. నువ్వూ పెట్టుకో, కలిసి తిందాం."

"నాను తినే వొచ్చినాను. నువ్వు తిను. ఇంకొంచెం."

గూట్లో దుర్గ ఫోన్ మోగింది. యర్రమ్మ గబుక్కున లేచి తీసి, చూసి, కట్టేసింది.

"ఎవులు?"

"లోను కావాలా అని అడిగేవోళ్ళు."

"ఇచ్చేయమనకపోయావా, మన బాకీ అంతా తీర్సీసుకుందుం!" దుర్గ నవ్వింది. యర్రమ్మ నవ్వలేదు. పళ్ళెంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

"అబ్బ, సాలే! సంపీస్తావా ఏటి?"

"ఇదొక్కటీ తినీ వదినా. మళ్ళీ ఎప్పుడు తింటావో."

"గోల్ ఘర్ ఏమైనా సముద్రానికి అవతలుందేటి? బస్సెక్కితే వొచ్చీస్తాను. నీ సేతి కూడు తినే పోతాను."

చివరి మెతుకు దాకా ఊడ్చి తిని, పళ్ళెంలోనే చెయ్యి కడుక్కుంది దుర్గ. కడుపు నిండిందని యర్రమ్మకి చూపించడానికన్నట్టు గట్టిగా తేన్చింది కూడా.

"నిండింది తల్లీ, మహా నిండింది. నీ రుణం తీరిపోయింది. ఇప్పుడు సెప్పు, ఎప్పుడెల్తన్నావు?"

యర్రమ్మ లేచింది. ఆ పళ్ళెం తీసి మూలన పెట్టి, దుర్గ మూతి తన కొంగుతో తుడిచింది. ఆమె భుజాన్ని గట్టిగా పట్టుకునే, రెండో చేత్తో తలుపు బార్లా తీసింది.

"తినీసింది నూకన్నా," అంది వీధి వైపు చూసి. "శివాజీ అన్నయ్యని మోసుకు రండి."