రుచి చూసే చోటు

కొత్తవీధిలో ఇప్పుడు ప్రతి కొట్టు గుమ్మానికీ ఒక పన్ను కన్ను ఉంటుంది. లోపల ఏ చోటును ఎలా వాడుతున్నారో చూసి, పొద్దున్నే ఆస్తి పన్ను చెబుతుంది. చిన్న హోటళ్ల వంటగదులకు మాత్రం ప్రభుత్వం పన్ను ఎత్తేసింది.

ఆ రోజు నూకరత్నం తన టిఫిన్ హోటల్లో ఇడ్లీలు దించుతుండగా కన్ను మాట్లాడింది. "మూల బల్ల మీద కూర్చునే పెద్దాయన ఏమీ కొనడం లేదు. అది ఖాళీ స్థలం. రేపటి నుంచి దానికి రెట్టింపు పన్ను."

భార్య పోయాక పాపారావుకు ఆ బల్లే దిక్కు. ఆయన తలవంచుకుని చేతికర్ర అందుకున్నాడు. "వెళ్లొత్తానమ్మా. నా వల్ల నీకెందుకు నట్టం?"

"కూకో బాబాయ్," అంటూ నూకరత్నం చట్నీ గిన్నె ఆయన చేతిలో పెట్టింది. "రుచి సూసి సెప్పు."

ఆయన కాస్త నాలుక మీద వేసుకున్నాడు. "ఉప్పు సాల్లేదమ్మా."

నిజంగానే చాలలేదు. ఆమె చిటికెడు ఉప్పు కలిపి గుమ్మం వైపు తిరిగింది. "రుచి సూసే సోటు వంటగదే కదండీ?"

కన్ను పాపారావు చేతిలోని గిన్నె వైపు చూసింది. "వంటగదే. పన్ను లేదు."

మర్నాడు నూకరత్నం హోటల్ తెరిచేసరికి, నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని పాపారావు బయట నిలబడి ఉన్నాడు.

"ఆలీసం అవలేదు కదమ్మా?" అన్నాడు.