రెండో సమీక్షకుడు

“‘ఇది పరిశోధన కాదు, చాడీలు.’ రాశావా?”

“రాశాను మామయ్యగారూ.”

“‘చాడీలు’ అన్న మాట కింద గీత పెట్టు.”

కోడలు గీత పెట్టింది. మామగారు కుర్చీలోంచి లేచి గదిలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టారు. ఆయన కంటికి ఆపరేషనై పది రోజులే అయింది. చదవొద్దు, వంగొద్దు, కోప్పడొద్దు అని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మొదటి రెండూ పాటిస్తున్నారు.

ఆయన విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. భాష, సంభాషణల మీద వచ్చే ఒక పరిశోధన పత్రికవాళ్ళు ఇప్పటికీ అచ్చు వేయాలో వద్దో తేల్చమని వ్యాసాలు పంపుతుంటారు. పేరు తీసేసి పంపుతారు. రాసిందెవరో ఈయనకు తెలియదు, తేల్చిందెవరో రాసినవాళ్ళకు తెలియదు. ఈసారి కళ్ళు సహకరించక, కాలేజీలో భాషాపాఠాలు చెప్పే కోడలి చేత పొద్దున్నంతా చదివించుకున్నారు. ఇప్పుడు నివేదిక చెబుతుంటే ఆమె టైపు చేస్తోంది. అత్తగారు కిటికీ పక్కన కూర్చుని ఆయన చొక్కాకి గుండీలు కుడుతోంది.

సంపాదకుడి ఉత్తరం క్లుప్తంగా ఉంది. మొదటి సమీక్షకుడు అచ్చు వేయమన్నారు. మీరూ సరేనంటే వచ్చే సంచికలో వేస్తాం, కాదంటే తిప్పి పంపేస్తాం. రచయిత ఏ సంస్థకూ చెందినవారు కారు, ఇది వారి తొలి వ్యాసం.

అందులో ఉన్నదల్లా ఒక ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఏడాది పాటు విని రాసుకున్న మాటలు. ఎవరిని ఏమడిగినా ఇంటిపెద్దే జవాబు చెబుతాడు. ఇల్లాలు మొదలుపెట్టిన వాక్యాల్లో నూటికి ఎనభై ఆవిడ పూర్తి చేయలేకపోయింది. సరిగ్గా ఆ లెక్క దగ్గరే మామగారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు.

“నూటికి ఎనభైయట! అన్నీ కాకిలెక్కలు. అలాంటి మొగుడు ఏ ఇంట్లో ఉంటాడమ్మా? రాయి. ‘ఈ సంభాషణలన్నీ కల్పితాలని నా నమ్మకం.’”

“కల్పితమనడానికి ఆధారం చూపించాలి కదండీ.”

“ఆధారం నేను లేనూ? ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం. మీ అత్తయ్య మాటకి ఒక్కసారైనా అడ్డొచ్చానా?”

“ఆవిడనే అడుగుదాం. అత్తయ్యా, మీరు...”

“అదేం చెబుతుందీ, రాలేదనే చెబుతుంది. నువ్వు రాయి.”

కోడలికి ఒళ్ళు మండిపోయింది. అత్తగారు మాత్రం దారం తెంపి ఇంకో గుండీ అందుకుంది. ఆవిడ ఎప్పుడూ అంతే, నోరు మెదపదు. ఆ మెదపకపోవడం చూస్తేనే కోడలికి ఇంకా మంట.

“రెండో పేజీలో ఒకటుంది మామయ్యగారూ. ఎవరో ఇల్లాలిని ఒంట్లో ఎలా ఉందని అడిగితే, ‘దానికేం, గుండ్రాయిలా ఉంది’ అంటాడు భర్త. ఆవిడకి అప్పుడు జ్వరం.”

“అయితే? ధైర్యం చెప్పాడు. అందులో తప్పేముంది?”

“పద్ధతి బాగానే ఉంది కదా, అదైనా ఒప్పుకోండి.”

“పద్ధతి నాదేనమ్మా! మాట తెగినచోట గీత, అడ్డొచ్చినచోట బాణం. నా రెండో పుస్తకంలో ఉన్నవే. ఏమోయ్, అది ఎన్నో అధ్యాయం? నా ప్రూఫులన్నీ దిద్దేది నువ్వేగా. ఆఁ, అయిదు. అయిదో అధ్యాయం. నా గుర్తులు ఎత్తుకొచ్చి, చివరికి వీడు తేల్చిందేమిటి?”

“వీడు కాదేమో. ఆడమనిషి రాసినట్టుంది. బల్ల దగ్గరివి వంటింట్లోకి వినపడిన మాటలు కూడా రాసింది. ఏ ఉద్యోగమూ లేదట, ఇదే మొదటిదట. మీరు కాదంటే ఇంకెప్పుడూ రాయదేమో.”

“రాయకపోతే పత్రికకి మంచిదే. ఆఖరి వాక్యం చెబుతున్నాను, రాసుకో. ‘తిరస్కరించండి. దిద్ది పంపే అవకాశం కూడా ఇవ్వొద్దు. రచయిత్రి అయితే గనక, పరిశోధన జోలికి రాకుండా ఇంటిపని చూసుకోవడం మేలు.’”

“ఇంటిపనా?”

“ఊఁ. ఒక్కక్షరం మార్చకుండా పంపించెయ్. నేనలా వీధి చివరిదాకా నడిచొస్తాను, నెత్తురు ఉడుకుతోంది.”

నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఆయన బయటికి వెళ్ళారు. తలుపు ధడాల్న పడింది.

అప్పటిదాకా అణుచుకున్నదంతా కోడలి నోట్లోంచి తన్నుకొచ్చింది. “ఏమిటత్తయ్యా ఈ పొగరు? నేనిది చచ్చినా పంపను. ఆ ఆఖరి వాక్యమైనా కొట్టేస్తాను. ఆయనకి ఎలాగూ కనపడదు.”

“కొట్టెయ్యకు.”

“ఎందుకని?”

“అన్నవి అన్నట్టే వెళ్ళాలమ్మా. మనం మారిస్తే అవి ఆయన మాటలు కావు.”

పొద్దున్నుంచీ అత్తగారి నోట పూర్తి వాక్యాలు వినడం అదే మొదలు. కోడలికి కోపం ఆవిడ మీదికి మళ్ళింది.

“మీరూ ఆయన వైపేనా? వచ్చే సంచికలో రావలసిన వ్యాసం అది! దాన్ని ఇంత నీచంగా...”

“పత్రిక ఇదొక్కటే ఉందా? ఇంకోదానికి పంపొచ్చు. పంపించెయ్ అమ్మా.”

కోడలు పళ్ళు కొరుక్కుంటూ మీట నొక్కింది. నివేదిక వెళ్ళిపోయింది. ఆమెకు ఏడుపొచ్చింది.

“పాపం, ఎవరో ఏడాదంతా కూర్చుని రాసుకుంది. ఇన్నేసి మాటలు ఆవిడ తట్టుకోగలదా అత్తయ్యా?”

“తట్టుకున్నానుగా,” అంది అత్తగారు.