మా రాజేశ్వర్ రావు సారు

“ఈయన మా సారు కాదు” అంది కావ్య.

శాలువా పట్టుకున్న ఆమె చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

వేదిక మీద పెద్దమనిషి అప్పటికే మెడ వంచి సిద్ధంగా ఉన్నాడు.

“నేనే రాజేశ్వర్ రావునమ్మా. ఆధార్ కార్డు చూపియ్యాల్నా?” అని నవ్వాడు.

పదిహేడేళ్ల తర్వాత పదో తరగతి బ్యాచ్ అంతా కలిసి, చదువు చెప్పిన సార్లకు సన్మానం పెట్టుకున్న రోజు అది. వరంగల్‌లో ఇప్పుడు ఇలాంటివి ఆదివారానికి ఒకటి జరుగుతున్నాయి.

కావ్య మాత్రం సరదాకి రాలేదు. ఒక్క మనిషి కాళ్లకు మొక్కాలని హైదరాబాద్ నుంచి వచ్చింది.

ఆమె తండ్రి కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. పదో తరగతి సైన్స్ పరీక్ష రోజున, ఆర్డర్ అందించాలంటూ కూతుర్ని మగ్గం మీద కూర్చోబెట్టాడు. అంతలో సైన్స్ సారు సైకిలేసుకుని వచ్చాడు. తండ్రిని బతిమాలాడు, తిట్టాడు, చివరికి మగ్గానికి అడ్డంగా కూర్చున్నాడు. ఆయన సైకిలెక్కి, తొమ్మిదిన్నరకు కావ్య పరీక్ష హాల్లో ఉంది.

ఇప్పుడామె విత్తనాల ల్యాబ్‌లో సైంటిస్టు.

బడిలో టైమ్ టేబుల్ మీద ఆ సారు పేరు రాజేశ్వర్ రావు అనే ఉండేది. పిల్లలూ అలాగే పిలిచేవారు. పదిహేడేళ్లలో మనిషి మారిపోయి ఉంటాడని మిగతావాళ్లు సరిపెట్టుకున్నారు.

“జర పక్కకు రండి సార్” అని పెద్దమనిషిని వేదిక వెనక్కి తీసుకెళ్లింది.

“మీరు మాకు ఒక్క క్లాసన్న చెప్పిన్రా?”

ఆయన చెమట తుడుచుకున్నాడు.

“నిజం చెప్పాలంటే లేదమ్మా. అప్పట్ల నాకు ప్లాట్ల దందా ఉండె. బడికి నా బదులు ఒకతన్ని పంపేటోన్ని. హెడ్మాస్టర్ మనోడే.”

“మరి సన్మానానికెట్ల వచ్చిన్రు?”

“మీరే పిలిస్తిరి గదా!”

సన్మానమంటే ఎవరికి చేదు?

“ఆయనెవరు సార్?”

“గుండయ్యని, మా ప్లాట్ల కాడ కాపలా ఉండేటోడు. పోరగాళ్లు అల్లరి చెయ్యకుంట జర కూసోమన్న. పాఠాలు చెప్పుమని నేనైతే అన్లేదు.”

ఏ ప్రశ్న అడిగినా “రేపు చెప్త” అనేవాడు తమ సారు. మర్నాడు తప్పకుండా చెప్పేవాడు. పిల్లలు అది పెద్దరికం అనుకున్నారు.

కావ్యకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది.

అడ్రస్ కనుక్కుని, శాలువా చంకన పెట్టుకుని ఆటో ఎక్కింది.

కరీమాబాద్ గల్లీలో రేకుల ఇల్లు. గుండయ్య భార్య చిలుకమ్మ వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతోంది.

“నేను సారు దగ్గర చదువుకున్న పెద్దమ్మా. ఉన్నడా?”

“ఏ సారు?”

“గుండయ్య సారు.”

చిలుకమ్మ చేతులు ఆగాయి. ఆ పేరుకు సారు అని తగిలించగా ఆమె ఎన్నడూ విన్నట్టు లేదు.

“ఆయన పోయి ఏడాది దాటింది బిడ్డా.”

కావ్య గడప మీదే కూలబడింది. ఏం చేయాలో తోచక, తెచ్చిన శాలువా ఆమె భుజాల మీద కప్పింది.

“ఆయనెంత చదివిండు పెద్దమ్మా?”

“ఏం చదువు! పదిల సైన్స్ తప్పిండు.”

“మళ్ల రాయలేదా?”

“మీకు చెప్పవట్టినంక ఆశ పుట్టింది. ‘పిల్లలకు చెప్పెటోడు తనన్న పాసయి ఉండాలె గదా’ అని ఫీజు కట్టిండు. రోజు నాలుగింటికే లేసి చదివిండు.”

“పాసయ్యిండా?”

“రాస్తే గదా! సెంటరేమో హన్మకొండల. ఈయన పోయేటాళ్లకు గేటు బంద్ చేసిన్రట.”

“ఎందుకు లేటయింది?”

“చెప్పలే. అడిగితే నవ్విండు. పైంగ అంత సంతోషంగ ఎన్నడు లేడు.”

“తర్వాతన్న రాయకపోయిండా?”

“ప్లాట్లు అమ్ముడువోయినయి. కాపలా పని వోయింది, బడి పని వోయింది. ఇగ కూలికి వోవుడే. మళ్ల పుస్తకం పట్టలే.”

చిలుకమ్మ లోపలికి వెళ్లి ట్రంకు పెట్టె తెరిచింది. గుండయ్య ఫోటో చూపిద్దామని వెతికితే, దానికంటే ముందు ఆయన హాల్ టికెట్ చేతికొచ్చింది.

“గిదే ఆ కాయితం. పారేయబుద్ధి కాలే.”

కావ్య అందుకుంది. సైన్స్ అని రాసి ఉన్న చోట వేలు పెట్టి తారీఖు చూసింది. ఏడాది చూసింది. మళ్లీ తారీఖు చూసింది.

ఆ పొద్దున కొత్తవాడ నుంచి బయల్దేరిన సైకిల్ మీద, సైన్స్ పరీక్ష రాయాల్సిన వాళ్లు ఇద్దరున్నారు.