చెల్లెలి బదులు చెప్పిన మాట

అన్యాయం జరిగింది ఎవరికి? శౌరమ్మకు. చేసిందెవరు? తోడబుట్టిన అక్క ఫిలోమిన.

ఈడు వచ్చిన ప్రతి మనిషీ తన బతుకు ఎలా గడపదలచిందీ ఇంటి తలుపుకు చెప్పాలి. ఆ మాట కాదని బయటికి పోబోతే తలుపు తెరుచుకోదు. ఇంటికొకరు ఇంటిపనికే కట్టుబడాలన్నది చట్టం. చెల్లెలు జ్వరంతో ఒళ్లెరుగక పడి ఉన్న రోజున, ఇంటిపనికే ఉంటానని ఆమె బదులు తానే తలుపుకు పలికి, ఫిలోమిన ఓడ ఉద్యోగానికి వెళ్లిపోయింది.

జుట్టు నెరిశాక కాకినాడ తిరిగివచ్చింది. శౌరమ్మ గుమ్మం తుడుస్తుండగా తలుపు పలికింది.

"శౌరీ, లోపలికి పద. నువ్వు కోరుకున్నదే కదా!"

అది ఫిలోమిన పడుచు గొంతు.

"నువ్వు ముసలిదానివయ్యావు గానీ అక్కా, దీనికింకా ఇరవయ్యే," అని శౌరమ్మ నవ్వింది. "సముద్రం నాలుగు వీధులవతలే. వాసన తప్ప నేనెరిగిందేముంది?"

చెప్పిన నోటికే ఆ మాట మార్చే హక్కుంది. అయితే ఇంటికి ఒకరు మిగలాలి. ఫిలోమిన తలుపుపై చెయ్యి ఆనించింది.

"శౌరమ్మను వదిలిపెట్టు. ఇంటికి నేనుంటాను."

"పిచ్చెక్కిందా? మళ్లీ నీకు తెరుచుకోదక్కా!"

"తెలుసు. చెప్పులేసుకుని నడు."

"నాకు చెప్పులెక్కడివి?"

"నావి వేసుకో. ఇక నాకెందుకు?"

శౌరమ్మ మలుపు తిరిగింది. ఫిలోమిన గడప లోపల అడుగుపెట్టగానే తలుపు మూసుకుంది.

"ఫిలోమినా, లోపలికి పద," అంది తలుపు, ఈసారి ఆమె ముసలి గొంతుతోనే.

ఆమె లోపలికి నడిచింది. మిగిలిన ఆయుష్షంతా ఇచ్చి, చెల్లెలి ఋణం తీర్చివేసింది.