నలభయ్యో రోజు తలుపు

"పదిహేడుసార్లు ఆడానమ్మా! పదిహేడుసార్లు!" అని తాపీమేస్త్రీ అరిచిన అరుపుకి మూడో అంతస్తులో ప్రింటరు కాగితం మింగేసిందంటే నమ్మండి. కింద కాపలా ఆయన ఆపేవాడే గానీ, మేస్త్రీ చంకలో రసమట్టం చూసి తుపాకీ అనుకుని పక్కకి తప్పుకున్నాడు.

అది కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఆఫీసు. ఆటలంటే ఎగరడాలు, దూకడాలు కాదు. పెద్ద పటం మీద రాజ్యాలుంటాయి, మీరే రాజు. పన్నులు, పంటలు, పెళ్ళిళ్ళు, యుద్ధాలు అన్నీ మీరే చూసుకోవాలి. మా ఆటలో ప్రతిదీ చరిత్రలో ఉన్నట్టే ఉంటుందని వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. అది సరిచూసేది మేస్త్రీకి ఎదురుగా కూర్చున్న చరిత్ర మేడమ్.

"కూర్చుని చెప్పండి బాబాయ్ గారూ."

"కూర్చోను! గిడ్డంగి నిండా ధాన్యం పోశాను. నాలుగు బావులు తవ్వించాను. కోట కావలివాడికి జీతం పెంచాను, పెళ్ళి కూడా చేశాను. అయినా ముట్టడి మొదలైన నలభయ్యో రోజు పొద్దున్నే శత్రువుకి తలుపు తీసేస్తాడేంటి? కొత్త పెళ్ళాం మొహం చూసైనా ఆగడా?"

మేడమ్ నవ్వు ఆపుకుంది. "మీరేం చేసినా తీస్తాడండీ. జరిగింది అదే. జరిగినదాన్ని మేం మార్చం."

"మరి వాడి వంశంలో ఎవణ్ణి కొలువులో పెట్టినా విశ్వాసం సున్నా అని చూపిస్తోందే? కొడుక్కీ సున్నా, మనవడికీ సున్నా, ఇంకా పుట్టని బిడ్డకీ సున్నా! ఇది చరిత్రా, శాపమా?"

"ఆటే కదండీ..."

"ఆటా? ఇంటిపేరుతో సహా పెట్టారు! ఆ ఇంటిపేరున్న పదకొండేళ్ళ పిల్ల బడికెళ్తే తరగతి గుమ్మం దగ్గర నిలబెట్టి, 'తలుపు తియ్యవే, మీకు అలవాటేగా' అంటున్నారు. నెల్రోజులుగా గదిలో గడియ పెట్టుకుని కూర్చుంది. వచ్చే ఏడాది నుంచి బళ్ళల్లో ఈ ఆటతోనే పాఠం చెబుతారటగా. ఇంక ఆ పిల్ల ఎక్కడికెళ్ళి బతకాలి?"

మేడమ్ మొహంలో నవ్వు పోయింది. కంప్యూటర్ తెర ఇటు తిప్పింది. "చూడండి. కోట గుమ్మం పక్కనున్న రాయి. 'కావలివాడు లంచం తిని తలుపు తీశాడు' అని చెక్కి ఉంది. ఇంతకంటే ఆధారం ఏం కావాలి?"

మేస్త్రీ బల్ల మీద ఒక్కటి గుద్దాడు. కాఫీ కప్పు లేచి నిలబడి, ఎందుకొచ్చిన గొడవని మళ్ళీ కూర్చుంది.

"ఆ కోటకి పోయినేడు మరమ్మతు చేసింది నేను! ఆ తలుపుకి అడ్డం పెట్టే దూలం ఎప్పుడైనా చూశావా? ఎత్తాలంటే ఎనిమిదిమంది కావాలి. ఒక్కడు తీశాడా? వాడేమన్నా ఏనుగా?"

"మరి శత్రువులు లోపలికెలా వచ్చారు?"

"పక్క గోడ కూలింది. ఆ చోట పదిహేనడుగుల మేర ఉన్నది యుద్ధమయ్యాక కట్టిన గోడ. రంగే వేరు. అడుగున పాత వరస ఇంకా ఉంది. వేలితో గీస్తే పిండిలా రాలింది. సున్నం మింగేసి ఇసక నింపారు దొంగ వెధవలు! ఆ గోడకి శత్రువెందుకు, గట్టిగా తుమ్మితే చాలు."

మేడమ్ పెన్ను తీసింది. చకచకా రాసుకుంది. తర్వాత తలెత్తి, "గోడ సంగతి ఒప్పుకుంటాను. కానీ రాయి అలాగే ఉందిగా. రాయి అబద్ధమని మీరొక్కరూ అంటే ఎవరూ నమ్మరండీ. తన వంశం మీద మచ్చ తనే కడుక్కుంటున్నాడంటారు" అంది.

"నా వంశమని నేనెప్పుడన్నాను?"

"మరి ఆ పిల్ల?"

"మా ఎదురింటి పిల్ల. రోజూ పొద్దున్నే 'తాతా, నీ రసమట్టంలో బుడగ చూపించవా' అని పరిగెత్తుకొచ్చేది. ఇప్పుడు నా గొంతు వింటే కిటికీ వేసేస్తోంది."

మేడమ్ పెన్ను ఆగిపోయింది. "చుట్టం కూడా కాదు. మరి మీకెందుకండీ ఇంత కోపం?"

మేస్త్రీ అప్పుడు కూర్చున్నాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

"మా ఇంట్లో కొడుకు చేతికి మొదటిసారి తాపీ ఇచ్చే రోజు, చెవిలో ఒక మాట చెబుతారమ్మా. బయట అననని ఒట్టు వేయించుకుంటారు. నేనూ వేశాను. అది ఇవాళ తెంపేస్తున్నా. ఇదిగో మా ఇంటిపేరు, రాసుకో. ఆటలో పెట్టు. బళ్ళల్లో చెప్పించు."

"ఏంటండీ ఆ మాట?"

"ఆ ఇసక గోడ కట్టిందీ, ఆ రాయి చెక్కిందీ మా తాతల తాతే."